ఎడమ సీట్లో బరువు

నేను కారు పందేల్లోకి దిగింది కారు నడపడానికి. ఈ ముక్క ముందే చెప్పుకోవడం మంచిది. తరవాత జరిగింది చూసినవాళ్లెవరికీ ఆ సంగతి తట్టదు.

పందేలంటే పెద్దగా ఊహించుకోవద్దు. హనుమాన్ జంక్షన్ దాటాక వరి పొలాల మధ్య ఒక వెంచర్ ఉంది. ఆర్చీ కట్టారు, తారు రోడ్లు వేశారు, ప్లాట్లకి నంబరు రాళ్లు పాతారు, స్విమ్మింగ్ పూల్ రాబోతోందని బోర్డు పెట్టారు. ఇళ్లు కట్టడం ఒక్కటే మిగిలింది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కార్లు తిప్పుకుంటామంటే వెంచర్ యజమాని ఒప్పుకోవడమే కాదు, ఒక వారం మానేస్తే ఫోన్ చేసి మరీ అడిగేవాడు. సైటు చూడటానికి వచ్చినవాళ్లకి నాలుగు బళ్లు తిరుగుతూ కనిపిస్తే ఏరియాలో కదలిక ఉన్నట్టు అనిపిస్తుందట.

మేం పదిమందిదాకా ఉండేవాళ్లం. అందరిదీ ఒకే కంపెనీ చిన్న కారు. పందేనికని వేరే బండి కొనే స్తోమత లేక ఇంట్లో ఉన్నదాన్నే తెచ్చుకున్నాం. ఒక్కో బండీ ఒంటరిగా బయలుదేరి వెంచర్‌ని రెండు చుట్లు చుట్టి ఆర్చీ దగ్గరికి రావాలి. తక్కువ టైం పట్టినవాడు గెలిచినట్టు. చిక్కల్లా మోడళ్లతోనే. పేరు ఒకటే గానీ, ఆ ఏటి బండికీ ఈ ఏటి బండికీ లోపల ఇంజిన్ ఒకటి కాదు. నాదీ బ్రదర్‌దీ 2005 మోడల్. మా బావమరిదిది 2019.

బ్రదర్ అంటే నా తోడబుట్టినవాడు కాదు. జంక్షన్‌లో కోళ్ల మందుల షాపు ఆయనది. చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తాడు. అక్కడ అందరూ అలా పిలుస్తారని మేమూ అలాగే పిలిచాం. ఆరాధన అయ్యాక తెల్లచొక్కాతోనే వచ్చి, టై విప్పి ఆర్చీకి తగిలించి, హెల్మెట్ పెట్టుకుని, ఆ పాత బండిని చరణం ఎత్తుకున్నంత తేలిగ్గా మలుపులు తిప్పేవాడు. మా బావమరిదికి బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీల షోరూం ఉంది. కారులో యాక్సిలరేటర్ కాక మిగతావన్నీ అలంకారాలని వాడి అభిప్రాయం. అయినా మొదట్లో వాడే గెలిచేవాడు. కొత్త బండి వాడి తప్పులన్నిటినీ క్షమించేది.

రూల్స్ రాయమని నన్ను అడిగారు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. బరువు పెరిగితే బండి మందగిస్తుందనే విషయం ఫీజు కట్టి నేర్చుకోవాల్సినదని వాళ్లంతా నమ్మారు. ఆ ఒక్క ముక్కే రాశాను. పాత మోడల్ ఖాళీగా పరిగెడుతుంది, కొత్త మోడల్ అదనపు బరువు మోస్తుంది, ఎంత బరువన్నది ఫలితాలు చూసి సర్దుకుంటాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల వేడిలో ఇంకో రూలు కూడా రాశాను: రూల్స్ రాసేవాడు పోటీ చెయ్యకూడదు.

అది పాటించడానికి రాసింది కాదు. ‘అదేంటి మాస్టారూ, మీరు లేకుండా ఎట్టా’ అని ఎవరో ఒకరు అంటారు, నేను కాసేపు మొహమాటపడి ఒప్పుకుంటాను, అదీ నా పథకం. ఎవరూ అనలేదు. బ్రదర్ అయితే ‘అదీ న్యాయం సార్’ అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా బండి, అప్పుడే వేయించిన కొత్త టైర్లతో సహా, కవరు కప్పుకుని ఉండిపోయింది.

మొదట బియ్యం బస్తాలు పెట్టాం. మా వైపు బరువు అనగానే ఎవరికైనా తోచేది అదే. వెనక సీటు పీకేసి అక్కడ పడుకోబెట్టిన బస్తా మూడో మలుపులో దొర్లి, పిగిలి, కారంతా తలంబ్రాలు పోసినట్టయింది. బరువు ముందు, ఎడమ పక్కనే ఉండాలని ఇంకో రూలు రాశాను. తరవాతి పందేనికి మా బావమరిది కొత్త బస్తాలు తెచ్చాడు. బిగువుగా, చూడముచ్చటగా ఉన్నాయి. బ్రదర్ ఒకదాన్ని ఒంటిచేత్తో లేపాడు. లేపినవాడు ఆశ్చర్యంగా తన చేతివంక చూసుకున్నాడు.

“నాకింత బలం ఎక్కడిది తమ్ముడూ?” అన్నాడు.

కుట్టు విప్పితే పైన గుప్పెడు బియ్యం, కింద అంతా ఊక.

“మిల్లువాడు మోసం చేశాడండీ!” అన్నాడు మా వాడు.

“బియ్యం అడిగితే ఊక ఇచ్చాడా?”

“అడగడం ఊకే అడిగాననుకోండి. అయినా మరీ ఇంత ఇస్తాడనుకోలేదు.”

“లాభం లేదు. అబద్ధమాడని బరువు కావాలి” అన్నాడు బ్రదర్. అని నా వంక చూశాడు. ఆయన చూస్తే అందరూ చూశారు. అప్పటికి నా బరువు ఎనభై నాలుగు కేజీలు. పోటీలో లేను. పనీ లేదు. లోపల ఊక ఉందన్న మాట నా స్టూడెంట్స్ తప్ప ఇంకెవరూ అనలేదు. నాకు హెల్మెట్ తొడిగి 2019 మోడల్ ఎడమ సీట్లో కూర్చోబెట్టి, బెల్టు రెండుసార్లు లాగి చూశారు.

ఏసీ వెయ్యకూడదు. అద్దాలు దించకూడదు. ఈ రెండు రూల్సూ నావే. కృష్ణా జిల్లా మే నెలలో, మూసిన కారులో, హెల్మెట్ లోపల, మా బావమరిది పక్కన కూర్చుని అవి ఎంత పకడ్బందీగా రాశానో తెలుసుకున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా నా కుడికాలు దానంతట అది కిందికి తొక్కేది. ఎడమ సీటు ముందు బ్రేకు ఉండదు. కాలికి ఆ సంగతి చెప్పినా వినేది కాదు. గట్టు మీద ఒక గేదె మావంక చూస్తూ నెమరేసేది. దానికి ఏ బెల్టూ లేదు.

ఆ రోజు వాడి టైమూ బ్రదర్ టైమూ ఒకదాన్నొకటి ఒరుసుకున్నంత దగ్గరగా వచ్చాయి. అంతవరకూ ఎన్ని బస్తాలు మార్చినా కుదరని లెక్క కుదిరింది. పాత బళ్లవాళ్లూ కొత్త బళ్లవాళ్లూ మొదటిసారి ఒకే మాట అన్నారు: ఇక దేన్నీ కదపొద్దు. ఆ కదపకూడని వస్తువు నేను.

ఆ తరవాత డాక్టరుగారు నా రక్తపరీక్షలు చూసి, షుగర్ గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ, బరువు తగ్గమనీ చెప్పారు. ఇంట్లో చెప్పకూడని మాట అది. మా ఆవిడ వాళ్ల తమ్ముడికి చెప్పింది. వాడికి నా ఆరోగ్యం మీద ఉన్నట్టుండి ప్రేమ పొంగింది. వాకింగ్ బూట్లు కొనిచ్చాడు. రాగిపిండి పంపించాడు. తెల్లారకుండానే ఫోన్. “బావా, లేచారా? ఈ పూట ఘాట్ దాకా నడవండి. మీకంటే నాకు ఎక్కువేంటండీ!” నేను ఎంత తగ్గితే వాడి బండి అంత తేలిక. “నా తమ్ముడు బంగారం” అని మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

బ్రదర్ ఊరుకోలేదు. క్రిస్మస్‌కి కేకు తెచ్చాడు. ఈస్టర్‌కి తెచ్చాడు. తరవాత పండగలతో పని లేకుండా తెచ్చాడు. నాటుకోడి పలావు క్యారియర్‌లో పెట్టుకుని వచ్చేవాడు. “చిక్కిపోయారు సార్. ఇంట్లో సరిగ్గా పెట్టట్లేదా?” అని నా బుగ్గలవంక బాధగా చూసేవాడు. జావ తాగితే బంధుప్రీతి, పలావు తింటే పక్షపాతం. నేను ఏది తిన్నా ఒక వర్గం లేచి వెళ్లిపోయేది.

పందేనికి ముందు నన్ను దారిలో ఉన్న రైస్ మిల్లుకి తీసుకెళ్లి బస్తాల కాటా ఎక్కించేవాళ్లు. నా ముందు ఒక ధాన్యం బస్తా, నా వెనక ఒక ధాన్యం బస్తా. అంకె వెలగగానే ఇద్దరిలో ఒకరి మొహం విచ్చుకునేది. నా మొహం ఎవరూ చూసేవాళ్లు కాదు.

ఒక సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర టిఫిన్ హోటల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

“నేను దిగిపోతాను.”

“ఎక్కడికి బావా?”

“ఆ సీట్లోంచి. నా బండి నేను నడుపుకుంటాను.”

“మీకు బండుందా సార్?” అన్నాడు బ్రదర్. వెటకారం కాదు. నిజంగానే మర్చిపోయాడు.

నా బదులు అంత బరువూ అంత నమ్మకమూ ఉన్న మనిషిని తెమ్మన్నారు. బరువున్నవాళ్లు బంధువుల్లో చాలామంది ఉన్నారు. నమ్మకస్తులూ లేకపోలేదు. రెండూ కలిసినవాళ్లు ఆదివారాలు ఖాళీగా లేరు. “అక్కని కూర్చోబెడదామా?” అన్నాడు మా వాడు.

“కాటా ఎక్కాలిరా.”

“అమ్మో” అని ఇడ్లీ తుంచుకున్నాడు.

చివరికి జాలిపడ్డారు. వచ్చే ఆదివారం నన్ను ఒక్కసారి నడపనిస్తారు. పోటీ లెక్కలోకి రాదు. నా ముచ్చట తీరుతుంది. బాగా వస్తే, నేను పోటీ చెయ్యకూడదన్న ఆ రూలు సంగతి ఆలోచిద్దామన్నారు. ఆ ఆఖరి ముక్క కోసం వారమంతా బతికాను.

ఆదివారం కవరు తీశాను. కుడి పక్క కూర్చున్నాను. ఎడమ సీటు ఖాళీగా ఉంది. అంత అందమైన ఖాళీని నేనెప్పుడూ చూడలేదు. ఆర్చీ దాటాను. గేదె తల తిప్పింది. స్టీరింగ్ నా చేతుల్లో ఉంది, బ్రేకు నా కాలి కిందే ఉంది. గాలిలో తేలినట్టుంది. ఒక్క రాయికీ తగల్లేదు, ఎక్కడా జారలేదు. వచ్చి ఆగేసరికి టైం చూసే ఆయన ఫోన్ టైం ఎక్కువ చూపిస్తోందేమోనని వేలితో తట్టి చూస్తున్నాడు.

అన్నాళ్లూ లేని బ్రేకును తొక్కిన కాలు, ఉన్న బ్రేకు దొరకగానే ప్రతి మలుపుకీ ఫర్లాంగు ముందే తొక్కేసిందన్నమాట.

ముందుగా తేరుకుంది బ్రదర్. “చూశారా? ఇదీ 2005 మోడల్ అసలు స్పీడు. నేనేదో దేవుని కృపవల్ల నెట్టుకొస్తున్నా. కొత్త బండికి ఆ బరువు చాలదు. ఇంకో పాతిక కేజీలు పెట్టాల్సిందే.”

“బండికేం రోగమండీ?” అన్నాడు మా బావమరిది. “అది బావ డ్రైవింగు. పెళ్లిచూపులకి స్కూటర్ మీద వస్తే వెనక తొక్కుకుంటూ వచ్చిన సైకిలాయన ముందు దిగాడు మా ఇంటి దగ్గర.”

“అట్టా అనకు తమ్ముడూ. సార్ చక్కగా నడిపారు. ఏం చేస్తారు, ఆ మోడలే అంత.”

నా డ్రైవింగ్‌ని మెచ్చుకున్న మనిషి భూమ్మీద ఒక్కడే. ఆయనకి నా నెత్తిన పాతిక కేజీలు పెట్టాలని ఉంది.

ఎటూ తెగలేదు. “రూల్స్ మాస్టారివి. ఆయన్నే తేల్చమనండి” అని ఎవరో అన్నారు. “తప్పు బండిదా, నడిపినాయనదా?”

నాదంటే బరువు పెరగదు. కానీ ఆ రూలు మార్చమని ఇక జన్మలో అడగలేను. బండిదంటే, నేను నడపగలను, పాపం బండే నడవలేదు. జవాబు ఏమిటో నాకు తెలుసు. అదే మోడల్ బండి, బ్రదర్ చేతిలో, కాసేపటి కిందటే నా కళ్లముందు దూసుకెళ్లింది. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. అంతమంది ఒకేసారి నా మొహం చూడటం చాన్నాళ్ల తరవాత.

“బండిదే” అన్నాను.

బ్రదర్ టై కట్టుకున్నంత హుందాగా తలూపాడు. మా బావమరిది నన్ను కాసేపు చూశాడు. వాడికి కోపం రాలేదు. “సరే బావా. మీ ఇష్టం” అన్నాడు, రాబోయే ఆదివారాలన్నీ లెక్కపెట్టుకుంటున్నవాడిలా.

పాతిక కేజీల బస్తా వచ్చింది. బరువు ముందు, ఎడమ పక్కనే ఉండాలి గనక, మిగిలింది నేను కాళ్లు పెట్టుకునే చోటొక్కటే. బ్రదర్ కుట్టు విప్పి, చెయ్యి అడుగుదాకా పెట్టి చూసి, మళ్లీ కుట్టించి, దాన్ని తాళ్లతో బిగించాడు. నేను మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. బెల్టు రెండుసార్లు లాగి చూశారు.

“ఇబ్బందిగా ఏం లేదుగా బావా?” అన్నాడు మా వాడు అద్దం ఎత్తుతూ.

లేదన్నాను. మొదటి మలుపు వచ్చింది. కాలు అలవాటుగా కదలబోయింది గానీ, కింద బస్తా ఉంది.