కురిడీ వేసిన కారు

మలికిపురం సెంటర్లో కొట్లున్న వాళ్ళ పిల్లల్లో, ఒకే ఒక్క బేరంలో నేను పోగొట్టినంత సొమ్ము పోగొట్టినవాడు ఇంతవరకూ లేడు. ఈ మాట కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. పేకాటలో పోగొట్టుకున్న వాళ్ళున్నారు, రొయ్యల చెరువుల్లో పోగొట్టుకున్న వాళ్ళున్నారు. వాళ్ళందరికీ తెలివి తక్కువై పోయింది. నాకు ఎక్కువై పోయింది. పైగా నేను ఒక పూటంతా బేరమాడి, అమ్మేవాడి చేత దండం పెట్టించుకుని మరీ ఆ నష్టాన్ని కొనుక్కొచ్చాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ వయసులో లోకమంతా ఒక సంతలా కనిపించేది, ఆ సంతలో సరుకు ధర తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని గట్టిగా అనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమా మీదే కాస్త బెంగగా ఉంటుంది. అది మళ్ళీ ఏ ధరకీ దొరకదు.

మాది కొబ్బరి కొట్టు. మా నాన్న చిన్నతనంలో నేలలో పాతిన ఇనుప గునపం మీద పరాయి వాళ్ళ కాయలు వొలిచి బతికారు. తర్వాత అరచేతుల్లో కాయలు కాసిన ఆ చేతులతోనే కొట్టు పెట్టారు. నేను ఆ కొట్లో, కాటా పక్కన పెరిగాను. బేరం నాకు తల్లిపాలతో పాటు వచ్చింది. మా వీధిలో ఎవరికి చీర కావాలన్నా, మంచం కావాలన్నా, ‘అబ్బాయిని తీసుకెళ్ళండమ్మా, సగానికి తెస్తాడు’ అనేవారు. ఒకసారి అమలాపురంలో పళ్ళు పీకించుకోడానికి వెళ్ళి డాక్టరుగారి దగ్గర రెండో పన్నుకి తగ్గింపు అడిగాను. (తగ్గించలేదు. కానీ నవ్వారు. ఆ నవ్వుని కూడా నేను లాభంలోనే రాసుకున్నాను.)

కొబ్బరి తెలియని వాళ్ళ కోసం ఇక్కడొక మాట చెప్పాలి. ధర పడిపోయినప్పుడు మేము కాయ అమ్మం. ముదురు కాయని అటక మీద వేసేస్తాం. నెలలు గడిచేకొద్దీ లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి గట్టిపడి చిప్ప నుంచి విడిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గుండు కదిలిన చప్పుడు వినిపిస్తుంది. అదే కురిడీ. పచ్చికాయకి రాని ధర దానికి వస్తుంది. అంటే మా ఇంట్లో పుట్టినవాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక్కటే తెలుసు. సరుకు ఎంత నిలవుంటే అంత విలువ. ధర పడిందా, కంగారు పడకు, అటకెక్కించు.

ఆ ఏడు మా నాన్న నా చేతిలో పన్నెండు లక్షలు పెట్టారు. బస్టాండు పక్కన రిటైరైన మాస్టారొకరికి రోడ్డు మీదికి ఒక గది ఉంది. దానికి అడ్వాన్సు కట్టి, సరుకు దింపి, నా పేరు మీద సొంత కొట్టు పెట్టుకోమన్నారు. గునపం దగ్గర మొదలైన మనిషి కొడుకుని రోడ్డు మీది గదిలో కూర్చోబెట్టడం ఆయన జీవితంలో పెద్ద పని. మాస్టారు కూడా మంచివారే. “తొందరేం లేదబ్బాయ్, పంట చేతికొచ్చేదాకా ఆగుతాను, ఆ పైన మాత్రం ఆగలేను” అన్నారు.

ఆగుతానన్నారు కదా అని నాకొక ఆలోచన వచ్చింది. పన్నెండు లక్షల్ని మూడు నెలల్లో పద్దెనిమిది చేసి, గదితో పాటు దాని పక్క గది కూడా తీసుకుంటే? అప్పుడే ఫోన్లో ఒక ప్రకటన చూశాను. హైదరాబాద్‌లో విదేశీ రేసు కారు. ఎర్రది. రెండే సీట్లు. పదేళ్ళ కిందట కొత్తదాని ధర అరవై లక్షల పైచిలుకు, ఇప్పుడు అడుగుతున్నది పదిహేను. నా బుర్ర కొబ్బరి బుర్ర కాబట్టి లెక్క వెంటనే తేలిపోయింది. పడాల్సిన ధరంతా పడిపోయింది, ఇక పెరగడమే మిగిలింది. మా వైపు చెరువుల వాళ్ళు ఎర్ర కారు కనిపిస్తే పద్దెనిమిదికి కళ్ళకద్దుకుని పట్టుకుపోతారు.

హైదరాబాద్‌లో ఆ బ్రోకరు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, కళ్ళజోడు, నెమ్మది మనిషి. టీ ఇచ్చి ముందే చెప్పేశాడు.

“అన్నా, గిది అమ్ముకునే బండి కాదు, నడుపుకునే బండి. నీ పేరు మీదకు మారిన రోజే ఇంకింత పోతది. సామాన్లు దొరకయి. ఒక్కో టైరు ధర ఇంటే నువ్వు నవ్వుతవు.”

నేను నిజంగానే నవ్వాను. అమ్మేవాడు సరుకుని తిడుతున్నాడంటే అందులో ఏదో కిటుకుందన్నమాట, ఇంకా తగ్గడానికి చోటుందన్నమాట. కొట్ల మధ్య పెరిగినవాడికి అమ్మేవాడి మాటని సగానికి సగం కొట్టి వినడం అలవాటు. నేను పదితో మొదలెట్టాను. లేచి గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చాను. చివరికి అతను దండం పెట్టి, “పన్నెండుకు తీస్కపో అన్నా. కానీ నేను చెప్పిన మాట యాద్ పెట్టుకో” అన్నాడు. నా వ్యాపార జీవితంలో నాకు ఎదురైన పచ్చి నిజాయితీపరుడు అతనొక్కడే. అతన్ని నేను గెలిచాను.

బండి మన రాష్ట్రానికి మార్పించి లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి లక్షా ముప్పై వేలు. ఇన్సూరెన్సుకి యాభై ఐదు వేలు. ఆ ట్యాక్సు ఆఫీసు కిటికీ దగ్గర కూడా నేను, “ఇంకేమైనా చూస్తారేమోనండీ” అన్నాను. కిటికీ అవతలాయన తల కూడా ఎత్తలేదు. ఈ పై ఖర్చుల కోసం చీటీ పాడాను.

చించినాడ వంతెన దిగి మన గడ్డ మీదికి రాగానే మొదటి స్పీడ్ బ్రేకరు కనిపించింది. కారు నేలకి అంగుళాల్లో ఉంది. ముందు చక్రాలు ఎక్కాయి, పొట్ట ఆనింది, అక్కడితో ఆగింది. పొలంలోంచి నలుగురొచ్చి చూశారు.

“ఏవండీ, బండికి కాళ్ళు చాలలేదాండీ?”

“ఆయ్, కొంచెం పొట్టి రకమండీ” అన్నాను.

వాళ్ళే పక్కనున్న కొబ్బరి డొక్కలు, అంటే కాయ వొలిచిన పీచు తొక్కలు, తెచ్చి గతుకుకి అటూ ఇటూ పేర్చి దారి చేశారు. అక్కడి నుంచి ఇంటిదాకా ప్రతి గతుకు దగ్గరా అదే పని. నేను పక్క సీట్లో డొక్కల బస్తా పెట్టుకుని, దిగి పేర్చి, ఎక్కి దాటించి, మళ్ళీ దిగి ఏరుకుని వచ్చాను. మోటారు సైకిలు మీద వెళ్ళే ఒకాయన, “రేసెవరితోనండీ?” అని అడిగి మరీ దాటిపోయారు.

మా నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగారు. కాయని చూసినట్టే వేలితో తట్టి చూశారు. తిట్టలేదు. “గది మాటేంటిరా?” అని మాత్రం అడిగారు. మూడు నెలల లెక్క చెప్పాను. అరవై నుంచి పన్నెండుకి పడిందనగానే ఆయన కళ్ళలో కూడా కొబ్బరి వ్యాపారి మెదిలాడు. “అంత పడిందా! అయితే ఇంకేం పడుద్దిలే” అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు వచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. “ప్రభువా, ఈ వాహనము యొక్క విలువను దినదినము వృద్ధి పొందించుము” అని కూడా అన్నారు. (నాన్న చెవిలో చెప్పబట్టి.) తర్వాత ముచ్చటపడి లోపల కూర్చున్నారు. కూర్చోవడం బాగానే కూర్చున్నారు, పైకి లేవడానికి మాత్రం సంఘ పెద్దలిద్దరు చేతులు పట్టాల్సి వచ్చింది.

కొనేవాడు రానే వచ్చాడు. మాకు వరసకి బావగారు, గోదావరి అవతల చెరువులున్నాయి. ఇంజిను వెయ్యమని విన్నారు, సీట్లో కూర్చున్నారు, అద్దంలో మీసం చూసుకున్నారు.

“పదకొండు చేసుకోండి బావా. నా సరదా కోసం” అన్నారు.

“పద్నాలుగు పైన పడిందండీ” అన్నాన్నేను. ఖర్చులన్నీ కలిపితే పద్నాలుక్కి తక్కువే, కానీ అలవాటు.

“పడింది మీకు. పోయేది నాకు.”

బావగారు వెళ్ళాక నేను కాస్త మెత్తబడ్డాను. పదకొండుకి ఇచ్చేస్తే గది నిలబడుతుంది. కానీ నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తన నలభై ఏళ్ళ అనుభవమంతా కూడగట్టి తీర్పు చెప్పారు.

“ధర లేనప్పుడు అమ్మడమేంట్రా? గోదాంలో పెట్టు. పై ఏడు ఆయనే ఎతుక్కుంటా వస్తాడు.”

అలా మా రేసు కారుని కురిడీ వేశాం. గోదాంలో రెండు వరసల కాయలు బయటికి తీయించి దాన్ని లోపలికి తోశాం. మీద గోనె పట్టాలు కప్పాం. కాయలకి చూసినట్టే గాలి తగిలేలా తలుపు ఓరగా ఉంచాం. ఆ గాలితో పాటు సముద్రపు ఉప్పూ వచ్చింది, కొబ్బరికి అలవాటు పడ్డ ఎలుకలూ వచ్చాయి. ఎలుకలకి కొబ్బరి మొహం మొత్తిందో ఏమో, ఇటలీ వాళ్ళో జర్మనీ వాళ్ళో చేసిన వైర్లు బాగా రుచించాయి. బ్యాటరీ చచ్చిపోయింది, దాంతో తలుపులు తెరుచుకోవడం మానేశాయి. నిలబడ్డ చోటే రెండు టైర్లు పగుళ్ళిచ్చాయి. (రెండింటికీ తొంభై వేలు. బ్రోకరు చెప్పినట్టే నవ్వొచ్చింది, వేరే రకంగా.) లారీ మీద విశాఖపట్నం తీసుకెళ్ళి తేవడానికి ముప్పై ఐదు వేలు, అక్కడ వైర్లు మార్చి ఇంజినుకి ప్రాణం పోయడానికి లక్షా తొంభై వేలు. ఇంకో చీటీ. బాగై వచ్చిన బండి మళ్ళీ గోదాంలోకే.

ఈలోగా బావగారు మళ్ళీ వచ్చారు. ఎనిమిదన్నారు. “కొత్త మోడలొచ్చేసిందండీ బావా, ఇది పాతదైపోయింది” అన్నారు. పాతబడితే ధర ఎలా తగ్గుతుందో మా నాన్నకి ఆ మనిషి ఎంత చెప్పినా అర్థం కాలేదు. నాకు అర్థమైంది కానీ చెప్పే ధైర్యం లేదు. “ఇంకో నాలుగు నెలలు” అన్నారు నాన్న.

పంట చేతికొచ్చింది. మాస్టారు మా కొట్టుకి తనే నడుచుకుంటూ వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఫోన్ల కొట్టు వాళ్ళు అడ్వాన్సు పట్టుకొచ్చేరండీ. ఏం చెప్పమంటారు?”

నాన్న నా వైపు చూశారు. నేను కాటా వైపు చూశాను.

“ఇచ్చేయండి మాస్టారూ” అన్నారు నాన్న. “ఆయ్, తప్పదు కదండీ.”

నాన్న ఆ రోజు సాయంత్రం గోదాంలోకి వెళ్ళి గోనె పట్టా తీసి, “ఇంజిను వెయ్యరా” అన్నారు. వేశాను. అరిచింది, కానీ అరుపు కింద ఎక్కడో గలగలమని ఒక చప్పుడు. ఆయన తల వంచి, కాయని చెవి దగ్గర పెట్టుకున్నంత శ్రద్ధగా విన్నారు.

“లోపల ఆడుతోందిరా” అన్నారు. “తయారైపోయింది. ఇంక ఉంచకు.”

బావగారికి నేనే ఫోను చేశాను. ఐదన్నారు. బండి మేమే తెచ్చిస్తామన్నాను. తెల్లారి నేనూ నాన్నా బయల్దేరాం. ఇన్ని నెలలూ మా గోదాంలో ఉన్న బండిలో ఆయన ఎక్కడం అదే మొదలు. డొక్కల బస్తా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గతుకులన్నీ దాటించి చించినాడ వంతెన మీదికి వచ్చేసరికి ముందు ఒక్క బండీ లేదు. కింద గోదావరి, పైన నున్నటి రోడ్డు. నేను కొంచెం తొక్కాను. గలగల వినిపించడం మానేసింది. నాన్న ఒక చేత్తో బస్తానీ ఇంకో చేత్తో తలుపునీ పట్టుకున్నారు. భయపడ్డారేమోనని తగ్గించబోయాను.

“తగ్గిస్తావేంట్రా?”

వంతెన అయిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, “తిప్పు” అన్నారు.

“బావగారు ఎదురు చూస్తుంటారు నాన్నా.”

“చూడనీ. డబ్బులు చేతిలో పడేదాకా ఇది మనదే కదా.”

తిప్పాను. ఈసారి ఆయన తలుపు వదిలేశారు. గునపం మీద అరిగిపోయిన ఆ అరచేతిని కిటికీ బయట పెట్టి, గాలిని పట్టుకుని చూస్తున్నట్టు కూర్చున్నారు. నేను రోడ్డు వైపు చూస్తున్నాను కాబట్టి ఆయన మొహం సరిగ్గా చూడలేదు. అది నేను ఇప్పటికీ విచారించే సంగతి.

బావగారి గుమ్మంలో నేను నోరు తెరిచే లోపే నాన్న అనేశారు. “లోపల ఏదో ఆడుతోందండీ. విని తీసుకోండి.” బావగారు విన్నారు, ఐదులోంచి ఇరవై వేలు తగ్గించారు. మా వంశంలో ఎవరూ అంత ఖరీదైన వాక్యం పలకలేదు. నేను బేరమాడలేదు.

ఇప్పుడు పాత కొట్లోనే, కాటా దగ్గర నేను కూర్చుంటున్నాను. నాన్న వెనక కుర్చీలో ఉంటారు. మాస్టారి గదిలో ఫోన్ల కొట్టు బాగా నడుస్తోంది. సెకండ్ హ్యాండు సరుకు కొనబోయే కుర్రాళ్ళు ఎవరైనా సలహాకి వస్తే, “అమ్మేవాడు ఏమంటున్నాడు?” అని మొదట అడుగుతాను. ఆ ఇరవై ఆరేళ్ళవాడు వచ్చినా అదే అడిగేవాణ్ణి. వాడు వినేవాడు కాదు. నన్ను కూడా సగానికి కొట్టి వినేవాడు.

ఇక బిల్లు. కారుకి పన్నెండు లక్షలు. ట్యాక్సు, మార్పిడి లక్షా ముప్పై వేలు. ఇన్సూరెన్సు యాభై ఐదు వేలు. టైర్లు తొంభై వేలు. లారీ ముప్పై ఐదు వేలు. వైర్లు, ఇంజిను లక్షా తొంభై వేలు. వెరసి పదిహేడు లక్షలు. వచ్చింది నాలుగు లక్షల ఎనభై వేలు. నికరంగా పోయింది పన్నెండు లక్షల ఇరవై వేలు. గదికి ధర కట్టలేదు, కట్టడం నాకు రాదు. వంతెన మీద రెండోసారి తిరిగిన పెట్రోలు కూడా ఇందులో కలపలేదు. “అది నా ఖాతాలోది” అంటూ, తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే, నాన్న జేబులోంచి ఐదు వందలు తీసి నా చేతిలో పెట్టేశారు.