ఉమ్మెత్త తగిలిన కన్ను

ఆ మంగళవారం పొద్దున తెగిన పోగు అతుకుదామని వంగితే పోగు కనపడలేదు. అంతా మసకగా అలుక్కుపోయింది. ఇరవై ఏండ్లుగా మరమగ్గాలు నడుపుతున్నాను, మా దగ్గర వాటిని సాంచాలంటాం. కనపడక చెయ్యి ఆగిపోవడం అదే మొదటిసారి. కుడికన్ను మూసి చూస్తే పోగు సరిగ్గానే ఉంది.

ఇంటికి వెళ్తే నా భార్య సుజాత నన్ను చూసి చేతిలో చెంబు కింద పెట్టింది.

"గిదేంది, కుడికన్నుల నల్లగుడ్డు గింత పెద్దగైంది?"

ఊళ్లో డాక్టరు టార్చి వేసి చూశాడు. "ప్యూపిల్ లైటుకు రియాక్ట్ అయితలేదు. తలల ఏమన్న ఉండొచ్చు. జల్ది కరీంనగర్ పొండి" అన్నాడు.

మా బాపు మెదడులో రక్తనాళం చిట్లి సాంచా పక్కనే పడిపోయాడు. మూడో రోజు పోయాడు. అప్పుడాయనకు ఇప్పటి నా వయసే.

బస్సులో సుజాతతో, "నాకేమన్నయితే బిడ్డ సదువు ఆపకు" అన్నాను.

"నోరు మూసుకొని కూసో. నువ్వే సదివిపియ్యి" అంది. కరీంనగర్ దాకా నా చెయ్యి మాత్రం వదలలేదు.

సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. అనూరిజం, అంటే రక్తనాళం ఉబ్బి ఉండొచ్చని ఆంజియో కూడా తీశారు. అదీ నార్మల్. మూడో రోజుకు కన్ను దానంతటదే సగం నయమైంది. కారణం తెలియలేదని కాగితం మీద రాసి డిశ్చార్జ్ చేశారు. ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది. రోజూ లేవగానే ఎడమకన్ను మూసుకొని గోడమీది క్యాలెండర్ చదివేవాణ్ని.

రెండు వారాలకు ఆ అంకెలు మళ్లీ మసకబారాయి. అదే కన్ను. ఇద్దరం నేరుగా కరీంనగర్ బస్సెక్కాం.

ఆసుపత్రిలో ఈసారి కంటి డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె పైలోకార్పిన్ చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టింది. మళ్లీ చూసి అంది: "నరం దెబ్బతింటే గీ చుక్కలకు ప్యూపిల్ చిన్నగయితది. నీది కదల్లే. అంటే కంట్ల బయటిదేదో పడ్డది. నిన్న మొన్న ఏం ముట్టుకున్నవ్?"

"ఏం లేదు మేడం."

సుజాత అడ్డం వచ్చింది. "సాంచాల షెడ్డు ఎనుక ఉమ్మెత్త చెట్లు పీకిండు మేడం. మొదటిసారి కన్ను మసకైనప్పుడు సుత పీకిండు."

నిజమే. మొదటిసారి సగం పీకాక వాన వచ్చింది. మిగిలినవి మొన్న పీకాను. రెండుసార్లూ అదే చేత్తో ముఖం మీది చెమట తుడుచుకున్నాను.

"గా రసం కంట్ల పడితే గిట్లనే అయితది" అంది డాక్టరమ్మ. "అసలు అమెరికా దిక్కు చెట్టంట అది. మన దగ్గర ఎక్కడ పడితే అక్కడ మొలుస్తది. ఫికర్ చెయ్యకు, వారంల తగ్గుతది."

శివునికి పెట్టే పువ్వు కదా, మన చెట్టే అనుకునేవాణ్ని. బయట బెంచీ మీద కూర్చుంటే ఏడుపు ఆగలేదు.

"బతికినంక ఏడుస్తరా ఎవరన్న?" అని సుజాత కసిరింది. కసురుతూనే కొంగుతో తన కళ్లు తుడుచుకుంది.

ఐదో రోజుకు చూపు పూర్తిగా వచ్చింది. ఇప్పటికి రెండేండ్లు, ఆ మసక మళ్లీ రాలేదు. సాంచాల మీదే ఉన్నాను. వానకాలం రాగానే షెడ్డు వెనుక ఉమ్మెత్త మొలుస్తుంది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకొని పీకుతాను, సబ్బుతో కడుక్కున్నాకే ముఖం తుడుచుకుంటాను.

మీలో ఎవరికైనా ఒక కంటిపాప ఇలా పెద్దదైతే, ఉమ్మెత్తేలే అని ఇంట్లో కూర్చోకండి. నిజంగా మెదడు జబ్బే కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లాక, గత రెండు రోజుల్లో మీ చేతులు ఏ చెట్టు, ఏ మందు ముట్టుకున్నాయో డాక్టరు అడగకముందే చెప్పండి.