ఉతకని ఊలు

ఊలు కొట్టులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆమెని అందరూ కొలతలమ్మ అంటారు. పేరుకు తగ్గట్టే కొలత చూడనిదే సూది ముట్టదు. ఎవరో పత్రికలో స్వెట్టరు బొమ్మ చూసి మనసు పారేసుకుంటారు. అది లావు ఊలుతో అల్లిందని కిందే రాసి ఉంటుంది. అది చదివే ఓపిక ఎవరికుంది? రంగు నచ్చిందని సన్న ఊలు కొనుక్కుపోయి, నెల తిరిగేసరికి లబోదిబోమంటూ వస్తారు.

"అందులో ఎన్ని కుట్లంటే అన్ని వేశానండీ. మా ఆయనకని అల్లితే మా బుడ్డోడికి సరిపోయింది."

ఊలంతా ఒకటే అనుకునేవాళ్ళతో వేగడమంటే మాటలా? కొలతలమ్మ మాత్రం విసుక్కోదు. వాళ్ళ చేతే అరచేయంత ముక్క అల్లించి, స్కేలు ఆనించి కుట్లు లెక్కపెట్టి, ఛాతీకి అలాంటివి ఎన్ని పడతాయో చెప్పి పంపిస్తుంది. ఆ ముక్క ఎవరిది వాళ్ళే అల్లాలి. అదే ఊలు, అవే సూదులు ఇచ్చినా ఇద్దరి చేతుల్లో కుట్టు ఒక్కలా రాదు మరి.

ఆ సంగతి ఆమెకి చిన్నప్పుడే అక్క దగ్గర తెలిసింది. అక్కది బిగువు చేయి, ఈమెది వదులు. నాన్న స్వెట్టరుకి ఇద్దరూ చెరో చేయీ అల్లితే, ఒకటి మణికట్టు పైనే ఆగిపోయింది, రెండోది వేళ్ళని మింగేసింది. ఆ మహానుభావుడు దాన్నే తొడుక్కుని ఇల్లంతా తిరిగాడు.

"ఊలుకి నీ చేయంటే బొత్తిగా భయం లేదే" అని అక్క ఎగతాళి చేసేది.

"నీ చేతిలో పడితే దానికి ఊపిరాడదు" అని ఈమె అనేది.

కిందటి చలికాలం ముందు, వేరే ఊళ్ళో ఉండే ఆ అక్కే ఫోను చేసింది. కూతురికి స్వెట్టరు మొదలుపెడుతోందట. నమూనా లావు ఊలుది, చేతిలో ఉన్నది సన్నది, లెక్క కట్టి పెట్టమంది. అక్క అల్లి పంపిన ముక్కని చూసి, ఆ బిగువు చేతికి తగ్గట్టు చెల్లెలే లెక్క కట్టింది. ఆ తర్వాత ఎప్పుడు మాట్లాడినా అక్కది ఒకటే మాట.

"ఒంట్లో ఎలా ఉందే అక్కా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నీ లెక్క తప్పితే మాత్రం ఊరుకోను."

ఆ గుండ్రాయి చలికాలం దాటకుండానే కన్నుమూసింది. ఇంత జబ్బు పెట్టుకుని పైకి చెప్పలేదు, మొండి మనిషి.

నెల తర్వాత అక్క కూతురు ఒక సంచీ పట్టుకుని కొట్టుకి వచ్చింది. ముందు భాగం, రెండు చేతులు పూర్తయి ఉన్నాయి. వీపు భాగం చంకల దాకా వచ్చి సూది మీదే ఆగిపోయింది.

"పిన్నీ, నువ్వే పూర్తి చెయ్యాలి. అమ్మ అల్లింది అల్లినట్టే ఉంచు. నాకోసం అమ్మ చేసిన ఆఖరి పని ఇదే."

"ఒక్క కుట్టు కూడా పోనివ్వనమ్మా" అంది పిన్ని. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు బల్ల మీద ఆ వీపు భాగాన్ని పరిచింది. అవతల ఎవరో లావు ఊలుకి ఏ సూదులు వాడాలని అడుగుతుంటే జవాబు చెబుతూనే, అలవాటు కొద్దీ స్కేలు ఆనించింది. కింద వరసలు లెక్కకి సరిగ్గా ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ కుట్లు వదులై, బట్ట వెడల్పయింది. ఒక కుట్టు పెద్దది, పక్కది చిన్నది. ఇలాంటి అల్లిక రోజూ చూసేదే. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే చేశాయి ఆమె చేతులు. సూది తీసి, పోగు లాగి, బాగున్న వరస దాకా విప్పేసి ఉండ చుట్టేశాయి. నోరు ఇంకా లావు ఊలు గురించే మాట్లాడుతోంది.

ఉండ చేతిలోకి వచ్చాక గానీ ఆమెకి తట్టలేదు. అక్క చేయి ఎప్పుడు వదులైంది గనక? పరధ్యానంలో కూడా ఆ చేయి వదలదే. జబ్బుతో అక్క వేళ్ళలో సత్తువ పోయింది. ఓపిక తెచ్చుకుని ఒక కుట్టు బిగించింది, మళ్ళీ జారిపోయింది. గుండ్రాయిలా ఉన్నానని ఫోనులో అంటూ మంచం మీద అల్లిన వరసలవి. అక్క ప్రాణం పెట్టి చేసిన ఆఖరి పనిని, తప్పు అల్లిక అనుకుని విప్పి పారేసింది. ఇంకెవరైనా అయితే ముట్టుకునేవారే కాదు. పని తెలిసిన పాపానికి ఆమే విప్పింది.

మళ్ళీ అలాగే అల్లబోయింది. లావు సూదులు పెడితే కుట్లు పెద్దవయ్యాయి గానీ, అన్నీ ఒకే తీరున వచ్చాయి. వేళ్ళు సడలించి చూసింది, ఎడమ చేత్తో చూసింది. ఆ తడబాటు రాలేదు. అల్లడం, విప్పడం, ఏడవడం. వారం రోజులు అదే పని.

చివరికి తన వదులు చేతికి సన్న సూదులు తీసుకుని, అక్క బిగువు తెచ్చుకుని పూర్తి చేసింది. ఒక్కటి మాత్రం చెయ్యలేదు. విప్పిన ఊలుకి పాత కుట్ల వంకరలు అలాగే ఉంటాయి. దాన్ని తడిపి ఆరేసి సాపు చేశాకే మళ్ళీ అల్లాలి, లేకపోతే బట్ట ఎగుడుదిగుడుగా వస్తుంది. కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పే మాట అది. ఆ ఊలుని మాత్రం తడపలేదు.

అక్క కూతురు వచ్చి స్వెట్టరు వేసుకుంది. కొలత అతికినట్టు సరిపోయింది. చేయి వెనక్కి పెట్టి భుజం కింద తడుముకుంది.

"ఇక్కడ గరుకుగా ఉంది పిన్నీ. ఇది అమ్మ అల్లిందేనా?"

అవునంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"కాదమ్మా. అమ్మ అల్లినదాన్ని నేను విప్పేశాను. అల్లిక తప్పిందనుకున్నాను. మళ్ళీ అలా అల్లడం నా వల్ల కాలేదు."

ఆ పిల్ల భుజం కింద నుంచి చేయి తీసేసింది. "అల్లింది అల్లినట్టే ఉంచమన్నాను కదా" అంది.

"అన్నావు తల్లీ."

"మరి ఈ గరుకు ఏంటి?"

"ఊలులో వంకరలు. అవి మీ అమ్మవే. అమ్మ వేసిన ఒక్కో కుట్టుకీ ఒక్కోటి."

ఆ పిల్ల మళ్ళీ తడుముకుంది, ఈసారి మెల్లగా.

"ఉతికితే?"

"పోతాయి. నీళ్ళు తగిలితే పోతాయమ్మా."

ఆ పిల్ల తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కన్నీళ్ళు ఊలు మీద పడకుండా, పిన్ని తన అరచేయి ఆమె గడ్డం కింద పట్టింది.