కొంగున కట్టిన బెల్లం

కిడ్నీ రోగుల సహాయానికి విరాళాలు సేకరిస్తూ మా నిజామాబాద్ బృందం హిమాలయాల్లోని జాతీయ పార్కుల గుండా కొన్ని రోజులు నడిచింది. ఒక ఉదయం దారిలోని పల్లెలో ఒక ముసలావిడ చక్కెర లేని టీ ఇచ్చి, ఒక్కొక్కరి అరచేతిలో బెల్లం ముక్క పెట్టింది. అక్కడ బెల్లం కొరుకుతూ టీ తాగుతారట.

మాతో వచ్చిన బోధన్ రైతు లక్ష్మి ఆ ముక్కను వాసన చూసి కొంగున ముడేసుకుంది.

"తినవేంది చెల్లె?" అన్నాను.

"మా ఇంటాయనకు కొంటవోత అన్నా. మా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బందయి చెరుకు పంట తీసేసినంక తీపి ముడ్తలేడు. గీ వాసనకైనా నోరు తెరుస్తడేమో."

"మరి నీ టీ?"

"కషాయమనుకొని తాగుత, ఏం జేస్త!"

ఆ ఫ్యాక్టరీలోనే రిటైరైన నాకు చెరుకు రసం కాగే వాసన గుర్తొచ్చింది. నా ముక్కనూ ఆమెకిచ్చాను. ఇద్దరం చప్పటి టీ తాగి కొండ ఎక్కాం.