మస్తాన్ గారు అమ్మేసిన జనరేటర్

2024, పత్తి సీజన్. నందిగామ, జగ్గయ్యపేటల్లో పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులున్నాయి. వాటిలో సోలార్, బ్యాటరీలు ఎందరు పెట్టుకుంటారో ముందే అంచనా వేయడం నా ఉద్యోగం. దీన్ని అడాప్షన్ ఫోర్‌కాస్ట్ అంటాం. మా వైపు ఇదొక తలనొప్పి. గడప తొక్కిన మనిషికి మొహం మీద కాదని చెప్పరు. టీ ఇచ్చి, "తప్పకుండా పెడదామండి" అని సాగనంపుతారు. అందరూ అలాగే అన్నారు. పెట్టింది మాత్రం నందిగామ మస్తాన్ గారొక్కరే.

ఆయన మిల్లులో ట్రయల్ పెట్టాం. ఫుల్ లోడ్ మీద మెషిన్లు నడుస్తుండగా మెయిన్ స్విచ్ దించి కరెంటు తీసేయాలి, ఆ లోడ్‌ని బ్యాటరీ అందుకోవాలి. అందుకోకపోతే రోలర్లలో పత్తి ఇరుక్కుంటుంది. అదంతా చేత్తో పీకేసరికి పూట గడిచిపోతుంది. గేటు బయట పత్తి ట్రాక్టర్లు బారులు తీరాయి. మిల్లు ఆగిందంటే పక్క మిల్లుకు తిరిగిపోతాయి. పైగా చుట్టుపక్కల ఓనర్లంతా తమాషా చూడ్డానికి దిగారు. జగ్గయ్యపేట మిల్లు ఓనర్ కోటేశ్వరరావు గారు అందరికంటే ముందు నిలబడ్డారు.

"అందుకోకపోతే జనరేటర్ వేయిద్దామండి," అన్నాను మెల్లగా.

"జనరేటరెక్కడిది మేడమ్? పోయిన వారమే అమ్మేశా," అన్నారు మస్తాన్ గారు. "అదుంటే మావాళ్లు బ్యాటరీ మొహం చూడరు."

ముందే చెప్పనందుకు నాకు ఒళ్లు మండింది.

ఆయన చెయ్యి ఊపారు. ఎలక్ట్రీషియన్ మెయిన్ దించాడు. మెషిన్ల వైపు చూడలేక నేల చూపులు చూశాను. మోత ఆగలేదు. దూది రాలుతూనే ఉంది.

కాసేపటికి కోటేశ్వరరావు గారు విసుక్కున్నారు. "ఏంటి మస్తానూ, కరెంటు ఎప్పుడు తీయిస్తావ్? నాకవతల పనుంది."

"ఇందాకే తీయించా బాబాయ్."

ఆయన నమ్మలేదు. స్వయంగా వెళ్లి మెయిన్ చూసొచ్చారు. మొహం కందగడ్డలా అయింది.

"ఇంత తెలిసీ నీ జనరేటర్ నాకంటగట్టావా! ఇప్పుడు నాదీ నీదీ కలిపి నేనెవరికి అంటగట్టాలయ్యా?"

అందరూ గొల్లుమన్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ సీజన్లో నేను విన్న మొదటి నిజమైన మాట అదే.

ఇప్పుడు ఏ మిల్లుకెళ్లినా బ్యాటరీ పెడతారా అని అడగను. జనరేటర్ ఎప్పుడు అమ్ముతారని అడుగుతాను. ఓనర్ నవ్వేసి ఇంకో టీ చెబితే ఆ మిల్లు లేనట్టే. కప్పు కింద పెట్టి, "ఎవరైనా కొనేవాళ్లున్నారా మేడమ్?" అంటే మాత్రం లెక్కలో రాసుకుంటాను.