హూటర్ ఆగినంక

ఆ వానాకాలం కర్దనూర్‌లో మా అత్తగారింటి మేడ మీది గదిలో కూర్చుని ఉద్యోగం చేసేదాన్ని. కిటికీ అవతల మొక్కజొన్న చేను, దాని వెనక ఫ్యాక్టరీల పొగగొట్టాలు. ముసురు పట్టిన మధ్యాహ్నాల్లో చేనూ పొగా మబ్బూ కలిసిపోయేవి. చూస్తున్నది మెలకువలోనో కలలోనో తేలేది కాదు.

నా పనీ అలాంటిదే. ఒక కంప్యూటర్ లోపల, లేని మరో కంప్యూటర్‌ను ఉన్నట్టు నడిపించే ప్రోగ్రాం మాది. మందుల డబ్బాలు ప్యాక్ చేసే ఓ పాత యంత్రం సాఫ్ట్‌వేర్‌ను అందులోకి ఎక్కించాం. అది రోజూ ఏదో ఒక వేళ ఉన్నట్టుండి ఆగిపోయేది. తప్పేమిటో చూపేది కాదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు అలా ఉండిపోయేది.

ఏ పరికరానికైనా పని పడితే ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఆ పిలుపును ఇంటరప్ట్ అంటారు. పిలుపులన్నీ అందుకుని వరసగా చేరవేయడానికి ఒక చిప్ ఉంటుంది. మా ప్రోగ్రాంలో ఆ చిప్‌కు నకలు రాసింది నేనే. అందులో ఎక్కడో ఒక పిలుపు పోతోంది. ఎంత వెతికినా దొరకలేదు.

ఒకరోజు మామయ్య చాయ్ తీసుకుని పైకొచ్చారు. ఆయన పటాన్‌చెరులో బాయిలర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు.

"ఏంది బిడ్డా, గిట్ల పరేషాన్‌గున్నవ్?"

"లోపల ఎవరో పిలుస్తున్నరు మామయ్యా. నాకు వినబడ్తలేదు."

నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. మంచం అంచున కూర్చున్నారు.

"మా బాయిలర్ల నీళ్లు తగ్గితే హూటర్ మోగేది, ఎర్ర బల్బు ఎలిగేది. బటన్ ఒత్తితే మోత బందైతది. ఒకసారి నాతోని షిఫ్టుల ఉన్నాయన బటన్ ఒత్తి, ఇగ అంత మంచిగైందని కూసున్నడు. నేనొచ్చి సూస్తే ఎర్ర బల్బు ఎలుగుతనే ఉంది. హూటర్ బందైతే నీళ్లొస్తయా బిడ్డా? ఉరికిపోయి మంట బంద్ జేసిన."

"మరి బల్బు ఎప్పుడు ఆరుతది?"

"నీళ్లు నిండినంకనే."

చాయ్ గ్లాసు పక్కన పెట్టి నేను రాసింది మళ్లీ తెరిచాను, తప్పు కనబడింది. ప్రాసెసర్ 'ఈ పని అయింది' అనగానే నా నకలు చిప్ ఆ పిలుపును చెరిపేసి ఊరుకుంటోంది. ఈలోగా పరికరానికి ఇంకో పని వచ్చిపడి, అది ఇంకా పిలుస్తూనే ఉందేమోనని మళ్లీ చూడటం లేదు.

సాయంత్రంలోగా నాలుగు వరసలు రాశాను. పని అయిందన్న మాట రాగానే మళ్లీ ఒకసారి చూడాలి, ఇంకా పిలుస్తుంటే మళ్లీ చేరవేయాలి, అంతే.

వారం గడిచినా యంత్రం ఆగలేదు. ఆఫీసులో మెచ్చుకున్నారు. నాకు మాత్రం సంతోషంతో పాటు కొంచెం సిగ్గేసింది. మామయ్యకు చెబితే, "గా నాలుగు వరసలకు గిన్ని దినాలా?" అని ఈసారి ఆయన నవ్వారు. "జెర కిందికి రా, చేను సూద్దువు."

వాన వెలిసింది. కంకులకు పీచు వచ్చింది. నడుస్తుంటే పుప్పొడి భుజాల మీద రాలింది. దూరంగా ముత్తంగి వైపు, రింగు రోడ్డు మీద లారీలు మంచులో తేలుతున్నట్టు సాగిపోతున్నాయి. పాదాలు బురదలోకి దిగుతున్నా ఇద్దరం కదలకుండా అలాగే చూస్తూ నిలబడ్డాం.