పీస్ పోస్టింగులో పాపకు నీళ్లు పట్టిన రోజు

ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్‌లో దిగేసరికి వాన అప్పుడే వెలిసింది. ప్లాట్‌ఫారం మీద నుంచి ఆవిరి లేస్తోంది. నా వెంట నల్ల ట్రంకు పెట్టె ఒకటి, పరుపు చుట్ట ఒకటి, వీపు మీద పిట్టూ సంచి. లద్దాఖ్ వైపు మంచు పోస్టులో రెండేళ్లు చేసి వస్తున్నాను. ముక్కు మీద చర్మం ఇంకా పొట్టు లేస్తూనే ఉంది. పోస్టింగు ఆర్డరులో పీస్ స్టేషన్ అని ఉంది. అంటే సాయంత్రానికి ఇంటికెళ్లి, పెళ్లాం చేతి పప్పన్నం తిని, ఫ్యాను కింద పడుకునే చోటు.

మా టెక్కలి వైపు జనం నన్ను ఎప్పుడు పట్టుకున్నా మంచు గురించే అడుగుతారు. చలి ఎంత, శత్రువు ఎంత దూరం, భయమేయలేదా అని. వేసింది, ఎందుకు వేయదు. కానీ నాకు కాళ్లూ చేతులూ ఆడకుండా పోయింది ఆ పోస్టులో కాదు. ఢిల్లీలో, క్వార్టర్లో, పట్టపగలు, ఫ్యాను కిందే. అది చెబితే నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు.

క్వార్టరు రెండో అంతస్తు. రెండు గదులు, ఒక బాల్కనీ. పాలం వైపు దిగే విమానాలు నెత్తి మీద నుంచే వెళ్లేవి, కిటికీ అద్దాలు గడగడలాడేవి. నేను చేరిన వారానికి గౌరి పాపను తీసుకుని ఊరి నుంచి వచ్చింది. గౌరి మా మేనత్త కూతురు. పెళ్లయినా నన్ను బావా అనే పిలుస్తుంది. పాప పేరు హారిక. అప్పటికి ఏడాది దాటి రెండు నెలలు. బారసాలకు సెలవు మీద వెళ్లి చూశాను, అంతే. మిగతాదంతా ఫోన్లోనే. సిగ్నలు దొరికిన రోజున వీడియో కాల్ చేస్తే పాప ఫోనుకు ముద్దులు పెట్టేది. ఆ ముద్దుల కోసం కొండ దిగి, సిగ్నలున్న చోట గంటలు నిలబడ్డవాణ్ణి నేను.

స్టేషన్‌లో ఎత్తుకోబోతే గుక్కపెట్టి ఏడ్చింది. నన్ను చూసింది, గౌరి చేతిలో ఫోను చూసింది, మళ్లీ ఏడ్చింది. దాని లెక్కలో నాన్న ఫోన్లో ఉంటాడు. ఈ మీసాల మనిషి ఎవడో. రోజులు గడిచినా నా చేతి ముద్ద తినలేదు, నా ఒళ్లోకి రాలేదు. నాకు బాధగా ఉండేది. గౌరి ముందు మాత్రం నవ్వేసేవాణ్ణి.

ఆ నెలాఖరుకు గౌరికి జ్వరం వచ్చింది. డెంగ్యూ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో చేర్చారు. వార్డులోకి పసిపిల్లలను రానివ్వరు. నాకు సెలవిచ్చారు. మా అత్తకు ఫోను చేస్తే దొరికిన రైలెక్కింది. ఆవిడ రావడానికి ఇంకో రోజున్నర పడుతుంది. సరిగ్గా ఆ సందులోనే, పొద్దున లేచీ లేవగానే, పాప వాంతి చేసుకుంది. వెంటనే విరేచనం. మళ్లీ వాంతి.

యూనిట్ మెడికల్ రూముకు ఎత్తుకుని పరిగెత్తాను. అక్కడ డాక్టరు ఒక కెప్టెన్, చిన్న వయసు ఆవిడ. పాప పొట్ట నొక్కి చూసింది, నాలుక చూసింది, మాడు తడిమింది. కడుపులో ఇన్ఫెక్షన్, మందు కన్నా నీళ్లు ముఖ్యం అంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు చేతిలో పెట్టి హిందీలో ఆర్డరిచ్చింది. ఒక ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. చెంచాడు పట్టాలి, రెండు నిమిషాలు ఆగాలి, మళ్లీ చెంచాడు. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి.

"సాయంత్రం ఆరులోగా మూత్రం పోయకపోతే తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లు. మగతగా వాలిపోతే ఆరు దాకా కూడా ఆగొద్దు. సెలైన్ ఎక్కించాలి" అంది.

అర్థమైందన్నాను. ఆర్డరు ఇంత స్పష్టంగా ఉంటే సిపాయికి సగం పని అయిపోయినట్టే. కాని పరిస్థితి ఏమిటంటే, ఆర్డరు వినాల్సిన సిపాయి బరువు ఎనిమిది కిలోలు, ఆ సిపాయికి నా మొహమే గిట్టదు.

నీళ్లు కాచి, చల్లార్చి, నా ఆర్మీ బాటిల్లో కలిపాను. అది సరిగ్గా లీటరు పడుతుంది. చెంచా నోటి దాకా తీసుకెళ్లాను. మూతి బిగించింది. కాసేపటి క్రితం అదే చెంచాతో చేదు మందు పోశాను కదా, చెంచా అంటేనే దానికి కోపం. పాలసీసాలో పోసి ఇస్తే విసిరికొట్టింది. సూది తీసేసిన సిరంజితో బుగ్గ పక్క నుంచి పోయబోతే తల అటూ ఇటూ ఊపి చొక్కా మీద ఉమ్మేసింది. తాగమ్మా అన్నాను. బతిమాలాను. ఒకసారి పరేడు గొంతు కూడా వచ్చేసింది. దానికి జడుసుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే చూశాను, కళ్లలో చుక్క నీరు లేదు. పెదాలు ఎండి చారలు పడ్డాయి. 

ఎదురు క్వార్టర్లో మా యూనిట్ డ్రైవరు ఉండేవాడు. గఢ్వాల్ మనిషి, నాతో పాటు అదే మంచు పోస్టులో చేసి వచ్చినవాడు. నన్ను ఉస్తాద్ అనేవాడు. వాళ్లావిడను నేను భాభీ అనేవాణ్ణి. ఇద్దరూ వచ్చారు. భాభీ పట్టినా పాప ససేమిరా అంది. ముక్కు మూసి పోద్దామా అని భాభీ అడిగింది. పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు చెప్పిందన్నాను. డ్రైవరు కిందకెళ్లి బండి మెట్ల దగ్గరికి తెచ్చి పెట్టుకుని వచ్చాడు.

రెండు దాటాక గౌరి ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"బావా, తాగిందా?"

"పడుతున్నాను."

"ఒంటికి పోసిందా?"

"లేదు."

మెల్లగా అంది, "నువ్వు ఫోన్లోంచి సెప్పు బావా. ఫోన్లో అయితే నీ మాట వింటాది."

ఆడదాని బుర్రే బుర్ర. నేను బయటికెళ్లి మెట్ల మీద కూర్చుని వీడియో కాల్ చేశాను. లోపల భాభీ ఫోను పట్టుకుంది. తెర మీద నన్ను చూసి పాప నీరసంగా నవ్వింది. నేను గ్లాసెత్తి తాగి చూపించాను. బంగారం, నువ్వూ తాగమ్మా అన్నాను. నోరు తెరిచింది. ఒక చెంచా లోపలికి పోయింది. ఆగాం. ఇంకో చెంచా. ఆగాం. మూడోది కూడా మింగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతే, ఉండబట్టలేక ఫోను చేత్తో పట్టుకునే లోపలికి పరిగెత్తాను. పాప ఫోన్లో మొహం చూసింది, గుమ్మంలో మొహం చూసింది. కెవ్వుమంది. మింగిందంతా భాభీ ఒళ్లో కక్కేసింది.

"ఉస్తాద్, పొజిషన్ వదిలి ఎందుకొచ్చావ్?" అన్నాడు డ్రైవరు.

వాడు వెటకారానికి అనలేదు. అయినా నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. పది నిమిషాలాగి మళ్లీ ఫోను చూపిస్తే పాప దాన్ని పక్కకు నెట్టేసింది. మోసం తెలిసిపోయింది దానికి. తర్వాత ఫోన్లో నాన్నకు కూడా చెల్లుబాటు లేకుండా పోయింది.

నాలుగైంది. పాప గోడకానుకుని కూర్చుంది. పిలిస్తే చూస్తోంది, అదొక్కటే ధైర్యం. కళ్లు లోపలికి పోయాయి. ఆ సన్నటి చేతికి సూది గుచ్చాలంటే నరం ఎక్కడ దొరుకుతుంది, దొరక్క నాలుగు చోట్ల గుచ్చితే నేను చూడగలనా, వార్డులో ఉన్న గౌరికి ఏమని చెప్పాలి? ఇవే ఆలోచనలు. ఇంకా వేరే ఆలోచనలు కూడా వచ్చాయి. అవి రాయను.

నేను నేల మీద కూలబడ్డాను. డ్రైవరు నా మొహం చూసి, పొద్దుటి నుంచి నువ్వు మంచినీళ్లు తాగావా అని అడిగాడు. లేదన్నాను. వాడు నా పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతికందిన ఓఆర్ఎస్ బాటిల్ తీసి, మూత నిండా వంచి నాకిచ్చాడు. ఆలోచించకుండా తాగేసి, మూత ఇచ్చేసి, "ఆగే" అన్నాను.

ఇది మీకు చెప్పాలి. అంత ఎత్తులో దాహం తెలియదు. మంచు కరగబెట్టిన నీళ్లు కిరసనాయిలు కంపు. తాగకపోతే తలనొప్పి, ఆపైన ఇంకా పెద్ద ప్రమాదం. అందుకని మా సుబేదారు సాబ్ ఒక పద్ధతి పెట్టాడు. రోజుకు ఇన్నిసార్లని అందరం గుండ్రంగా కూర్చోవాలి. బాటిల్ తిరుగుతుంది. ఒక్కొక్కరికి ఒక మూత. తాగినవాడు ఆగే, అంటే ముందుకు పోనీ, అని పక్కవాడికి అందిస్తాడు. ఎవరూ ఎవరినీ తాగమని చెప్పకూడదు, తాగుతున్నవాడి మొహంలోకి చూడకూడదు. నీ వంతు వస్తే తాగుతావు, అంతే. పానీ పరేడ్ అనేవాళ్లం.

డ్రైవరు తాగాడు, ఆగే అన్నాడు. భాభీకి మా పిచ్చి అర్థం కాలేదు గానీ ఆవిడా కూర్చుంది. ఓఆర్ఎస్ ఉప్పగా, తియ్యగా ఉందని ముఖం చిట్లించింది. రెండో వరస మొదలైంది. అప్పుడు వినిపించింది, నేల మీద అరచేతుల చప్పుడు. పాప పాక్కుంటూ వస్తోంది. నేను తల తిప్పబోతే డ్రైవరు నా మోకాలు గట్టిగా నొక్కాడు. గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

భాభీకీ నాకూ మధ్య ఖాళీ ఉంది. పాప అందులో వచ్చి కూర్చుంది. మూత భాభీ దగ్గర నుంచి దాని వంతుకు వచ్చింది. డ్రైవరు ఒక్క మాట కూడా అనకుండా సగం మూత వంచి, సిపాయికి పెట్టినట్టే దాని ముందు పెట్టాడు. పాప రెండు చేతులా ఎత్తింది. సగం గౌను మీద పోయింది. మిగతాదాంట్లో చాలావరకు గొంతులోకి దిగింది. చప్పరించింది.

ఆ తర్వాత డ్రైవరు చేసిన పని నేను మరిచిపోను. పరేడును సాగదీశాడు. తన వంతు రాగానే మూత పట్టుకుని పోస్టు కబుర్లు చెప్పేవాడు. ఒకసారి గాడిద కిరసనాయిలు డబ్బాతో సహా జారిపోయిన కథ, ఒకసారి వంటవాడు పంచదార అనుకుని ఉప్పు వేసిన టీ కథ. రెండు నిమిషాలు కాగానే ఆగే అనేవాడు. వరస తిరిగేది. పాప తాగేది. డాక్టరు చెప్పిన లెక్క ఆ కబుర్ల మధ్య దానంతటదే నడిచిపోయింది. ఒకసారి కొంచెం కక్కింది. పది నిమిషాలు అందరం ఆగాం. మళ్లీ కూర్చున్నాం. మా కడుపులు డోలుల్లా ఉబ్బాయి. రెండో ప్యాకెట్టు కలిపాను.

ఆరు కావస్తుండగా పాప వరసలో కొంచెం కొంచెం జరిగి నా ఒళ్లోకి చేరింది. నేను కదల్లేదు. డైపరు తీసేసి ఉంది. తొడ మీద వెచ్చగా తగిలింది. ఒక్క క్షణం ఏమిటో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడ్చేశాను. పాతికేళ్ల డ్రైవరు ముందు, వాళ్లావిడ ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను.

గౌరికి ఫోను చేశాను.

"పోసింది."

"నిజంగా? ఎంత పోసింది?"

"నా ప్యాంటు పిండితే తెలుస్తాది."

అటు నుంచి నవ్వో ఏడుపో తెలియలేదు.

మర్నాడు డాక్టరు పాపను చూసి శభాష్ అంది. ఎలా తాగించావని అడిగితే గర్వంగా చెప్పాను. ఆవిడ నుదురు పట్టుకుంది. అందరూ ఒకే మూతతోనా అని నాలుగు చీవాట్లు పెట్టింది. అప్పటికే డ్రైవరు బాత్రూములో ఉన్నాడు. సాయంత్రానికి నా వంతు వచ్చింది. మిగిలిన ప్యాకెట్లు మాకే సరిపోయాయి. కాబట్టి మీరెవరైనా ఈ పని చేస్తే ఎవరి గిన్నె వాళ్లు పెట్టుకోండి.

అత్త వచ్చింది. గౌరి కోలుకుని ఇంటికొచ్చింది. మూడేళ్లకు నా సర్వీసు పూర్తయింది. అదే నల్ల పెట్టె, పరుపు చుట్టతో మా ఊరికి తిరిగొచ్చాను. పాప ఇప్పుడు స్కూలుకెళ్తోంది. నేనేదైనా చెబితే పాపా, సునో నా అని, నాన్నా విను అన్నట్టు, హిందీలో ఎదురు వాదిస్తుంది. ఆ రోజు దానికి గుర్తు లేదు.

నాకు మాత్రం ఒకటి కళ్ల ముందు నుంచి పోదు. మొదటిసారి తాగిన తర్వాత పాప మూత కింద పెట్టలేదు. అందులో అడుగున ఇంకా కాసిని నీళ్లున్నాయి. ఎండిన పెదాలు నాకుకుంటూ పక్కన ఎవరున్నారా అని చూసింది. పక్కన నేనున్నాను. ఏడవలేదు. మూత పైకెత్తి నా మీసాలకు ఆనించింది. ఆ నాలుగు చుక్కలూ దాని ఒంటికి కావాల్సినవి, తిరిగి దానికే పట్టాలని తెలుసు. కానీ నా వంతు వచ్చింది. తాగాను.